తెర అవతలి నర్సుకు అర్హత ఎవరు చెప్పాలి?

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, "అక్కా, సావనీర్‌కి మీ నర్సింగు మీద ఒక వ్యాసం రాసివ్వండి. కాని నర్సంటే సేవామూర్తి, తెల్లచీర దేవత అని మాత్రం రాయకండి. అలాంటివి ప్రతి ఏడూ రెండు మూడు వస్తాయి," అన్నాడు. అబ్బాయి అన్నది సబబే. మా వృత్తిని పొగిడేవాళ్ళు చాలామంది వున్నారు. ఆ పని అసలు ఎలా నడుస్తుంది, అందులో ఎవరికి ఏం తెలిసి వుండాలి, తెలిసినట్టు ఎవరు నిర్ధారించాలి అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ మూడో ప్రశ్న గురించి. అదీ మొత్తం నర్సింగు గురించి కాదు. రోగి మంచం పక్కన కాకుండా ఎక్కడో దూరాన తెర ముందు కూర్చుని ఐ.సి.యు. రోగులను కనిపెట్టే నర్సు గురించి.

ఈ కాలేజీలో పి.జి.కి చేరకముందు నేను ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకుని, తరువాత పాఠంలోకి వస్తాను.

ఒక రాత్రి సంగతి

2021 మే నెల. కోవిడ్ రెండో విడత ఉధృతంగా వున్న రోజులు. ఒక జిల్లా పట్టణంలోని చిన్న ఆస్పత్రిలో పది పడకల ఐ.సి.యు. రాత్రి డ్యూటీకి ఇద్దరం నర్సులం, ఒక డ్యూటీ డాక్టరు. ఆ డాక్టరే కింద క్యాజువాలిటీ కూడా చూసుకోవాలి. అంతకు నెల ముందే గోడలకి కెమెరాలు బిగించి, మా మానిటర్లను వేరే ఊళ్ళో వున్న ఒక కేంద్రానికి కలిపారు. అక్కడ డాక్టర్లు, నర్సులు ఇరవైనాలుగు గంటలూ మా పేషెంట్ల అంకెలు చూస్తూ వుంటారని మాకు చెప్పారు. ఎవరు చూస్తారో, వాళ్ళ చదువేమిటో, అనుభవమేమిటో మాత్రం చెప్పలేదు. మేమూ అడగలేదు.

రాత్రి రెండు దాటింది. స్పీకర్లోంచి ఒక ఆడగొంతు వినపడింది.

"సిస్టర్, ఆరో బెడ్ ఆయన్ని ఒకసారి చూస్తారా? శ్వాస రేటు గంటలో 24 నుంచి 34కి పెరిగింది."

"శాచురేషన్ 94 వుందండీ," అన్నాను.

"వుంది. కాని సాయంత్రం కంటే ఆక్సిజన్ బాగా పెంచితేనే ఆ 94 నిలుస్తోంది. మెడ కండరాలు లాగుతున్నాయేమో చూడండి. పిలిస్తే సరిగ్గా పలుకుతున్నారా? డాక్టరుగారిని పిలిస్తే మంచిది."

"అలాగేనండి, చూస్తాను," అన్నాను. అప్పుడే రెండో బెడ్‌కి కొత్త పేషెంటును తీసుకొచ్చారు. నేను అటు వెళ్ళిపోయాను. పని ఒత్తిడి నిజమే, కాని అదొక్కటే కారణమంటే అబద్ధమవుతుంది. మనసులో అనుకున్న మాట వేరు: "అక్కడ ఏ.సి.లో కూర్చుని ఎన్నయినా చెప్తారు. అసలీమె ఎవరు? ఎప్పుడైనా ఐ.సి.యు.లో చెయ్యి పెట్టి పనిచేసిందా, లేక తెర మీద అంకెలు చదువుతోందా?"

నలభై నిమిషాల తరువాత ఆరో బెడ్ దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఒళ్ళంతా చెమటలు. పిలిస్తే పలకడం లేదు. డాక్టరుగారు పరుగున వచ్చి గొంతులో ట్యూబు వేసి వెంటిలేటరుకు కలిపారు. అన్నీ సిద్ధం చేసుకుని తాపీగా చేయవలసిన పనిని హడావిడిగా చేయవలసి వచ్చింది. ఆయన బతికారు. మూడు వారాలకు ఇంటికి వెళ్ళారు. వెళ్ళేరోజున వాళ్ళావిడ నాకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం అందుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ గొంతు వెనక పదకొండేళ్ళ ఐ.సి.యు. అనుభవం వుందని నాకు ఆ తరువాత తెలిసింది. ముందే తెలిసి వుంటే ఆ మాట వినేదాన్నా? వినేదాన్నే అనుకుంటాను. మరి తెలుసుకునే మార్గం నాకేది? అక్కడి నుంచే ఈ విషయం మీద దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను.

దూరపు ఐ.సి.యు. ఎలా పుట్టింది?

ఐ.సి.యు. నడపడానికి పరికరాలు కొనడం కంటే మనుషులను తేవడం కష్టం. తీవ్ర చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్లు అన్ని దేశాల్లోనూ తక్కువే. ఉన్నవాళ్ళు పెద్ద ఊళ్ళలో వుంటారు. రోగం మాత్రం ఊరు చూసి రాదు. ఈ చిక్కుకు టెలివిజన్‌తో పరిష్కారం వెతకాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1970లలోనే అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ బెట్టీ గ్రండీ బృందం ఒక చిన్న ఆస్పత్రి ఐ.సి.యు.ను విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంతో రెండు వైపులా కనిపించే టెలివిజన్ ద్వారా కలిపి ప్రయోగం చేసింది. ఆ రోజుల యంత్రాలతో అది విస్తరించలేదు.

తరువాత జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన ఇద్దరు తీవ్ర చికిత్స నిపుణులు, బ్రయన్ రోజెన్‌ఫెల్డ్, మైకేల్ బ్రెస్లో, 1998లో విసిక్యూ అనే సంస్థ పెట్టారు. 2000లో వర్జీనియా రాష్ట్రంలోని సెంటారా ఆస్పత్రుల్లో వారి పద్ధతి మొదటిసారిగా నిలకడగా అమలయింది. 2008లో ఆ సంస్థను ఫిలిప్స్ కంపెనీ కొనుక్కుంది. అప్పటికి ఈ పద్ధతి అమెరికాలో బాగానే పాకింది.

పని జరిగే తీరు ఇది. ఒక కేంద్రంలో వరసగా బల్లలు. ఒక్కో బల్ల మీద నాలుగైదు తెరలు. ఒక దాని మీద గుండె కొట్టుకునే తీరు, బి.పి., శాచురేషన్ వస్తూ వుంటాయి. ఒక దాని మీద ల్యాబు రిపోర్టులు, మందుల పట్టిక. ఇంకొక దాని మీద కెమెరా. కెమెరాను దగ్గరికి జరిపితే రోగి కంటిపాప కూడా చూడవచ్చు. ఒక్క నర్సు సుమారు ముప్ఫై నుంచి నలభై మంది రోగులను కనిపెడుతూ వుంటుంది. మంచం పక్క నర్సుకి ఇద్దరో ముగ్గురో రోగులు. ఈమెకు ముప్ఫై మంది. కాని ఈమె మందు ఎక్కించదు, పక్క మార్చదు, గొంతులో కఫం తీయదు. ఈమె పని ముఖ్యంగా ఒక్కటే: నెమ్మదిగా వస్తున్న మార్పును అందరికంటే ముందు పసిగట్టి, వినవలసినవారు వినేటట్టు చెప్పడం.

పసిగట్టడానికి విద్య కావాలి. వినిపించుకోవడానికి విద్య ఒక్కటే చాలదు, ఆ విద్య వున్నట్టు ఎదుటివారు నమ్మాలి. అర్హత పరీక్ష ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

లైసెన్సు వేరు, సర్టిఫికేషన్ వేరు

మనలో చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. లైసెన్సు అనేది ప్రభుత్వం తరఫున ఇచ్చే అనుమతి. అది లేకపోతే పని చేయడమే నేరం. మన హైదరాబాదులో ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి అమెరికా వెళ్ళే మన అమ్మాయిలు, అబ్బాయిలు రాసేది ఆ లైసెన్సు కోసమే. 'ఈ మనిషి నర్సు పని చేస్తే ప్రజలకు ప్రమాదం లేదు' అన్నంతవరకే అది చెప్తుంది.

సర్టిఫికేషన్ అలా కాదు. అది ఎవరూ తప్పనిసరి అనరు. వృత్తి సంఘం వాళ్ళు తమలో తామే ఒక ప్రమాణం పెట్టుకుని, 'ఫలానా రంగంలో ఈ మనిషికి ఇంత తెలుసు, ఇంతకాలం చేసింది' అని పరీక్షించి చెప్పే మాట అది. డ్రైవింగు లైసెన్సు వున్న ప్రతివాడికీ ఘాటు రోడ్డు మీద రాత్రిపూట బస్సు అప్పజెప్పం కదా. ఆ ఘాటు రోడ్డు పరీక్ష లాంటిది సర్టిఫికేషన్.

అమెరికాలో తీవ్ర చికిత్స నర్సుల సంఘం 1969లో పుట్టింది. మొదట గుండెజబ్బుల నర్సుల సంఘంగా మొదలై, కొద్ది కాలంలోనే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ క్రిటికల్ కేర్ నర్సెస్ అని పేరు మార్చుకుంది. పరీక్షల కోసం 1975లో ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టి, 1976లో మొదటి పరీక్ష జరిపింది. ఆ పరీక్ష పాసైనవారు తమ పేరు చివర సి.సి.ఆర్.ఎన్. అని రాసుకుంటారు. ఈ నాలుగు అక్షరాలకు అమెరికా ఐ.సి.యు.లలో ఎంతో విలువ వుంది.

దూరపు ఐ.సి.యు.లు పెరిగాక కొత్త తగాదా వచ్చింది. ఈ పరీక్షకు కూర్చోవాలంటే తీవ్రంగా జబ్బుపడిన రోగులకు ప్రత్యక్షంగా సంరక్షణ చేసిన గంటలు లెక్క చూపించాలి. రెండేళ్ళలో 1,750 గంటలు, అందులో 875 గంటలు చివరి సంవత్సరంలోనివై వుండాలి. మరి తెర ముందు కూర్చున్న నర్సు గంటలు ఏ లెక్కలోకి వస్తాయి? ఆమె చెయ్యి రోగికి తగలదు. అలాగని ఆమె ఆఫీసు గుమాస్తా కాదు. ఆమె చెప్పిన ఒక్క మాట మీద ట్యూబు పడుతుంది, మందు మారుతుంది. ఇరవై ఏళ్ళు మంచం పక్కన పనిచేసి, నడుం నొప్పి వల్లనో, మోకాళ్ళ వల్లనో తెర ముందుకు మారిన సీనియర్ నర్సులు ఎందరో. గంటలు లెక్కకు రాకపోతే వాళ్ళు ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న ఆ నాలుగు అక్షరాలు పోగొట్టుకోవలసిందే. అంటే అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళే కాగితం మీద తెలియనివాళ్ళుగా మిగిలిపోతారు.

దీనికి సంఘం చూపిన దారి సి.సి.ఆర్.ఎన్.–ఇ అనే సర్టిఫికేషన్. దృశ్య శ్రవణ పరికరాల ద్వారా, కంప్యూటర్ల ద్వారా మంచం పక్కతో అనుసంధానమై, దూరాన్నుంచి పెద్దవయసు రోగులను చూసుకునే నర్సుల కోసం దాన్ని ఉద్దేశించారు. వాళ్ళు తెర ముందు గడిపిన గంటలను లెక్కలోకి తీసుకున్నారు. పరీక్ష పేపరు మాత్రం వేరే తయారు చేయలేదు. మంచం పక్క నర్సు రాసే పేపరే ఈమే రాయాలి.

నాకు ఈ నిర్ణయం ఎంతో తెలివైనదనిపించింది. గంటల విషయంలో 'నీ పని వేరే రకం, అయినా అదీ సంరక్షణే' అన్నారు. తెలివి విషయంలో 'నీకు వేరే సులువైన కొలబద్ద లేదు' అన్నారు. ఆ రాత్రి నాకు వచ్చిన అనుమానానికి సరిగ్గా ఇదే జవాబు. ఆ గొంతుగలావిడ నేను రాయగల పరీక్షే రాసి వుంటే, 'అంకెలు చదువుతోంది' అని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను.

పరీక్షలో ఏముంటుంది?

విద్యార్థులం గనుక పరీక్ష అనగానే మనకు ఆసక్తి. మూడు గంటల సమయం, 150 ప్రశ్నలు, ప్రతిదానికీ నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. అందులో 125 ప్రశ్నలకే మార్కులు. మిగతా 25 ప్రశ్నలు ముందు ముందు వాడదలచినవి. అవి సరిగ్గా వున్నాయో లేదో తెలుసుకోవడానికి కలిపి పెడతారు. ఏవి లెక్కకు వచ్చేవో, ఏవి రానివో రాసేవాళ్ళకు తెలియదు. మన దగ్గర కూడా కొత్త ప్రశ్నలను విద్యార్థుల మీదే పరీక్షిస్తారు, కాని మార్కులు కూడా తీసేసుకుంటారు. పరీక్షల విభాగం పెద్దలు ఈ తేడా గమనించ ప్రార్థన.

ప్రశ్నల్లో నూటికి ఎనభై పాళ్ళు వైద్య నిర్ణయాలకు సంబంధించినవి: గుండె, ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు, రక్తం, ఒళ్ళంతా విషమెక్కే సెప్సిస్ మొదలైనవి. మిగిలిన ఇరవై పాళ్ళు నీతికి, రోగి పక్షాన నిలబడటానికి, తోటివారితో కలిసి పనిచేయడానికి సంబంధించినవి. పాసైతే సర్టిఫికెట్ మూడేళ్ళే చెల్లుతుంది. ఆ తరువాత పని గంటలు, చదువు గంటలు చూపించి గాని, మళ్ళీ పరీక్ష రాసి గాని పొడిగించుకోవాలి. ఒకసారి పట్టా వచ్చింది కదా అని గోడకి తగిలించి కూర్చోవడానికి లేదు.

ఆ తరహా ప్రశ్న ఎలా వుంటుందో చూపడానికి నేనే ఒకటి తయారు చేశాను. అరవై కిలోల బరువున్న రోగి, సెప్సిస్. సెలైను 1,800 మిల్లీలీటర్లు ఇచ్చేశారు. అయినా బి.పి. 84/46. రక్తంలో లాక్టేట్ 4. ఇప్పుడు ఏం చేయాలి? మళ్ళీ అంతే సెలైను, నారడ్రినలిన్, మూత్రం మందు, వేచి చూడటం, ఇవి నాలుగు జవాబులు.

లెక్క వేద్దాం. సగటు ధమని పీడనం కావాలంటే కింది అంకెను రెట్టింపు చేసి పై అంకె కలిపి మూడుతో భాగించాలి. 92కు 84 కలిపితే 176. మూడో వంతు సుమారు 59. కనీసం 65 వుండాలి. కిలోకి 30 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వవలసిన ద్రవం అయిపోయింది. కనుక జవాబు నారడ్రినలిన్. తెర ఇవతలి నర్సుకైనా, అవతలి నర్సుకైనా జవాబు అదే.

కాని మంచి దూరపు నర్సు ఆ జవాబుకు ముందు మరో ప్రశ్న అడుగుతుంది: "సిస్టర్, ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులోనే వుందా?" ధమనిలో సన్నని గొట్టం పెట్టి బి.పి. చూస్తున్నప్పుడు ఆ పరికరం గుండె మట్టానికి సరిగ్గా వుండాలి. ప్రతి 10 సెంటీమీటర్ల తేడాకు అంకె సుమారు 7 పాయింట్లు తప్పుతుంది. పరికరం పైకి వుంటే బి.పి. వున్నదానికంటే తక్కువ చూపిస్తుంది, కిందికి వుంటే ఎక్కువ చూపిస్తుంది. మంచం ఎత్తు మార్చి పరికరాన్ని మార్చడం మరిచిపోతే చాలు. మంచం పక్కన వుంటే కంటికి కనపడే సంగతి ఇది. దూరాన వుంటే అడిగి తెలుసుకోవాలి. అడిగేటప్పుడు, 'నువ్వు తప్పు చేశావు' అన్నట్టు వినపడకూడదు. అర్ధరాత్రి అలసిపోయి వున్న మనిషిని నొప్పించకుండా నిజం రాబట్టాలి. చేతికి అందనిదాన్ని ఎదుటివారి చేతులతో తాకడం అది. చేతులు చల్లగా వున్నాయా, డ్రిప్పు పెట్టిన చోట వాచిందా, మూత్రం గంటకు ఎంత వస్తోంది, పిలిస్తే ఎలా చూస్తున్నారు, ఇవన్నీ మాటతో తడిమి చూడాలి.

నాలుగు జవాబుల పేపరు ఈ విద్యను కొలవలేదు. ఇరవై పాళ్ళలో తోటివారితో పనిచేయడం గురించి ప్రశ్నలున్నా, గొంతులోని మెత్తదనాన్ని ఏ పేపరు చూడగలదు? సర్టిఫికేషన్‌లో నాకు కనిపించిన లోటు అదొక్కటే.

యంత్రం పెడితే చాలా?

ఇది ఊరికే మాటలు కాదని పరిశోధనలు చెప్తున్నాయి. 2009లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో టెక్సస్ ఆస్పత్రుల అధ్యయనం వచ్చింది. దూరపు ఐ.సి.యు. పెట్టిన తరువాత మొత్తం మీద మరణాలు తగ్గినట్టు తేలలేదు. ఎందుకో చూస్తే, చికిత్స మార్చే పూర్తి అధికారాన్ని అక్కడి డాక్టర్లు దూరపు బృందానికి ఇచ్చింది మూడింట ఒక వంతు కంటే తక్కువ మంది రోగుల విషయంలోనే. తక్కిన వారి విషయంలో కెమెరా వుంది, మనిషి వున్నాడు, మాట చెల్లుబాటు లేదు.

రెండేళ్ళ తరువాత 2011లో అదే పత్రికలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నుంచి మరొక అధ్యయనం వచ్చింది. అక్కడ 6,290 మంది రోగులను పరిశీలించారు. దూరపు ఐ.సి.యు. రాకముందు ఆస్పత్రి మరణాలు నూటికి 13.6, వచ్చాక 11.8. అక్కడ తెరతో పాటు పని పద్ధతులు కూడా మార్చారు. మంచి పద్ధతులు రోజూ పాటిస్తున్నారా లేదా అని దూరపు బృందం సరిచూసేది, అలారం మోగితే త్వరగా స్పందించేది, మంచం పక్కవారూ వారితో కలిసి పనిచేశారు. ఇక 2024లో బ్రెజిల్ నుంచి పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. ముప్ఫై ఐ.సి.యు.లు, పదిహేడు వేల మంది రోగులు. దూరాన్నుంచి నిపుణులు రోజూ రౌండ్లలో పాల్గొన్నా, రోగులు ఐ.సి.యు.లో వుండే రోజులు తగ్గలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితం తెరలో లేదని నాకు అర్థమయింది. తెరకు రెండు వైపులా వున్న మనుషులు ఒకరినొకరు ఎంతవరకు నమ్ముతారన్న దానిలోనే చాలా భాగం వుంది. సర్టిఫికేషన్ ఆ నమ్మకానికి మొదటి మెట్టు మాత్రమే. మెట్టు లేకపోతే ఎక్కలేం. మెట్టు దగ్గరే ఆగిపోతే ఇంట్లోకి వెళ్ళలేం.

మరొక చిక్కు వుంది, అది చట్టానిది. నర్సు ఒక రాష్ట్రంలో, రోగి ఇంకొక రాష్ట్రంలో వుంటే సంరక్షణ ఎక్కడ జరిగినట్టు? రోగి వున్న చోటే అన్నది అమెరికాలో సూత్రం. కనుక రోగి వున్న ప్రతి రాష్ట్రంలోనూ ఆ నర్సుకు అనుమతి వుండాలి. ఈ బాధ తప్పించడానికే అక్కడి రాష్ట్రాలు కొన్ని ఒక ఒడంబడిక చేసుకున్నాయి. ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. దాని కొత్త రూపం 2018 జనవరిలో అమలులోకి వచ్చింది. ఇప్పుడు నలభైకి పైగా రాష్ట్రాలు అందులో వున్నాయి.

మన సంగతి

మన దేశంలోనూ తెరలు వచ్చేశాయి. ప్రైవేటు రంగంలో పదేళ్ళకు పైగా వున్నాయి. కోవిడ్ కాలంలో, 2021లో మొదలైన '10 బెడ్ ఐ.సి.యు.' పథకం తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో చిన్న ఐ.సి.యు.లు ఏర్పరచి, వాటిని దూరాన వున్న పెద్ద ఆస్పత్రుల నిపుణులతో కలిపింది. ఇది మెచ్చుకోవలసిన పని.

నర్సుల చదువు వైపు కూడా మనం వట్టి చేతులతో లేము. క్రిటికల్ కేర్ నర్సింగులో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా వుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే పి.జి. కోర్సును కూడా రూపొందించింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో తేవడానికి 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది.

కాని 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చదివితే నాకు మనసు చివుక్కుమంది. అవి రిజిస్టరయిన డాక్టర్ల కోసం రాసినవి. నర్సు అందులో రోగి పక్కన నిలబడి డాక్టరుతో మాట్లాడించే ఆరోగ్య కార్యకర్తగా కనిపిస్తుంది. తెర అవతల కూర్చుని తన విద్యతో కనిపెట్టే మనిషిగా కనిపించదు. ఆ రాత్రి మాట్లాడిన గొంతుకు ఆ కాగితంలో చోటు లేదు. చోటు లేని గొంతు మాటను నాలాంటిది పెడచెవిన పెట్టిందంటే ఆశ్చర్యమేముంది?

అమెరికా పరీక్షను తెచ్చి ఇక్కడ అతికించమని నేను అనడం లేదు. అక్కడి ఫీజులు మన నర్సు జీతానికి అందవు. డబ్బు కట్టినవారికి కాగితం ఇచ్చే సంస్థలు పుట్టుకొస్తాయన్న భయం కూడా నాకు లేకపోలేదు. కోచింగ్ సెంటర్ల దేశంలో వుంటున్నాం. అయినా ఆ పద్ధతిలోంచి నేర్చుకోవలసినవి నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

ఒకటి, పేపరు ఇద్దరికీ ఒకటే వుండాలి. దూరపు నర్సుకు ప్రత్యేకమైన తేలిక పరీక్ష పెడితే ఆమె మాటకు ఇంకా విలువ తగ్గుతుంది.

రెండు, పేపరుతో పాటు మాట పరీక్ష కూడా పెట్టాలి. ఫోన్లో ఒక నర్సు, ఆమెకు కనపడని గదిలో మరో నర్సు, మధ్య ఒక బొమ్మ రోగి. పది నిమిషాల్లో నిజం రాబట్టగలదా లేదా చూడాలి. మన నర్సింగు కాలేజీల్లో బొమ్మలున్నాయి, ఫోన్లున్నాయి. దీనికి కోట్లు అక్కర్లేదు.

మూడు, తెర ముందు పనిచేసేవారు ఏడాదికి కొన్ని వారాలైనా తిరిగి మంచం పక్కకు రావాలి. వీలైతే తాము కనిపెట్టే ఆస్పత్రికే రావాలి. మొహం చూసిన మనిషి మాటకు, గోడలోంచి వచ్చే మాటకు చాలా తేడా వుంటుంది.

నాలుగు, ఇది అన్నిటికంటే చౌక. దూరాన్నుంచి మాట్లాడే నర్సు మొదటి మాటగా తన పేరు, చదువు, ఎన్నేళ్ళు ఐ.సి.యు.లో పనిచేసిందో చెప్పాలి. మంచం పక్క నర్సులకు ఆ వివరాలు ముందే గోడ మీద రాసి పెట్టాలి. డాక్టరు గది బయట బోర్డు మీద ఆయన డిగ్రీలన్నీ వుంటాయి కదా. ఆమెకు మాత్రం ఎందుకు వుండకూడదు?

పాఠకుల్లో ఎక్కువమంది నర్సులు కారని నాకు తెలుసు. ఇంజనీరింగు, లా, కామర్సు చదువుతున్న మిత్రులు ఇదంతా మాకెందుకని అనుకోవచ్చు. కాని రేపు ఆ కెమెరాలు తయారు చేసేది మీలో ఒకరు. ఆ నిబంధనలు రాసేది ఇంకొకరు. ఆ మంచం మీద మీ నాన్నగారో, మా అమ్మో వుండవచ్చు. అర్ధరాత్రి రెండింటికి ఒక గొంతు 'ఈయన్ని చూడండి' అన్నప్పుడు, విన్న మనిషి ఆ మాటను నమ్మి కదలాలి. దాన్ని ఒక్క మనిషి మంచితనానికి వదిలేయకూడదు. ఒక పద్ధతి వుండాలి.

ఇటీవల ఒక ఆస్పత్రిలో ప్రాజెక్టు పని మీద వెళ్ళినప్పుడు, నన్ను ఒక పూట తెర అవతల కూర్చోనిచ్చారు. నిర్ణయాలేవీ నాకు అప్పజెప్పలేదు, చూడటమే. ముప్ఫై రెండు మంది రోగుల అంకెలు కదులుతున్నాయి. ఒక పేషెంటు శ్వాస రేటు 28 దాటింది. పక్కనున్న సీనియర్ సిస్టర్ మైకు నొక్కి తన పేరు చెప్పింది. తొమ్మిదేళ్ళుగా ఐ.సి.యు.లో చేస్తున్నానంది. తరువాత, "మీకు అక్కడ ఏం కనిపిస్తోందో ముందు మీరు చెప్పండి సిస్టర్," అంది. అవతలి అమ్మాయి చేతిలో పని వదిలి మంచం దగ్గరికి నడిచి వెళ్ళడం నేను తెర మీద చూశాను.